మెదడు దెబ్బ తర్వాత చెలరేగే సింపథెటిక్ వ్యవస్థ: తరచుగా అడిగే ప్రశ్నలు

తలకు దెబ్బ తగిలి ఐసీయూలో ఉన్న మా తమ్ముడికి ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు పడుతున్నాయి. గుండె 140 కొట్టుకుంటోంది, చేతులూ కాళ్లూ కొయ్యబారిపోతున్నాయి. అరగంటకు దానంతటదే తగ్గుతోంది. ఏమిటిది?

మీరు చెప్పే తీరును బట్టి పరాక్సిస్మల్ సింపథెటిక్ హైపర్‌యాక్టివిటీ అనే పరిస్థితిని అనుమానించాలి. డాక్టర్లు పొట్టిగా పీఎస్‌హెచ్ అంటారు, ఐసీయూ సిబ్బంది 'స్టార్మింగ్' అంటుంటారు. మెదడుకు పెద్ద గాయమైన కొందరిలో సింపథెటిక్ నాడీ వ్యవస్థ అదుపు తప్పి, రోజుకు కొన్నిసార్లు ఇలా ఉవ్వెత్తున లేచి మళ్లీ పడిపోతుంది.

మంచం పక్కన నిలబడి చూస్తే ఇలా ఉంటుంది. నర్సు గొంతులోని ట్యూబ్ నుంచి సక్షన్ పెట్టి కఫం తీస్తుంది. అప్పటిదాకా 86 ఉన్న గుండె వేగం మానిటర్ మీద 110, 128, 144 అంటూ ఎక్కుతూ పోతుంది. ఊపిరి నిమిషానికి 30 దాటుతుంది, పై బీపీ 180కి చేరుతుంది. నుదుటి మీద, మెడ మీద చెమట బొట్లు బొట్లుగా పుట్టి దిండు గలీబు తడిసిపోతుంది. కంటిపాపలు పెద్దవవుతాయి. మోచేతులు బిర్రుగా చాచుకుంటాయి, మణికట్లు లోపలికి తిరుగుతాయి, పాదాలు కిందికి సాగుతాయి, పళ్లు బిగుసుకుంటాయి. సక్షన్ అయిపోయి పది నిమిషాలైనా ఇది ఆగదు. మామూలు రోగికైతే సక్షన్ పెట్టినప్పుడు గుండె కాస్త వేగం పెరిగి, ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. తేడా అక్కడే ఉంది.

అసలు సింపథెటిక్ వ్యవస్థ చేసే పనేమిటి?

మన ప్రమేయం లేకుండా గుండె, ఊపిరితిత్తులు, రక్తనాళాలు, చెమట గ్రంథులు, పేగులు పనిచేయడానికి రెండు నాడీ వ్యవస్థలున్నాయి. పారాసింపథెటిక్ వ్యవస్థ తీరిక వేళల పనులు చూస్తుంది: అరుగుదల, విశ్రాంతి, గుండె నెమ్మది. సింపథెటిక్ వ్యవస్థ ప్రమాదం వచ్చినప్పటిది. ఎదురుగా పాము కనిపిస్తే గుండె దడదడలాడటం, అరచేతులు తడవడం, రోమాలు నిక్కబొడుచుకోవడం దాని పనే. పోరాడటానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఈ సన్నాహాన్ని అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వివరించారు.

దీని తీగలు బయల్దేరేది వెన్నుపాము నుంచి. మెడ కింద ఛాతీ భాగం మొదలు నడుం పైభాగం దాకా, వెన్నుపాము పక్క అంచుల్లో ఉండే కణాలు అవయవాలకు ఆజ్ఞలు పంపుతాయి. ఆ కణాలను నడిపించేది మెదడు అడుగుభాగమైన బ్రెయిన్ స్టెమ్. దాని పైన హైపోథలామస్, ఇంకా పైన భావోద్వేగాలనూ నొప్పినీ బేరీజు వేసే ఇన్సులా వంటి పైపొర భాగాలు ఉంటాయి. ఈ అంచెల్లో ఎక్కడ ఏం తెగిందన్నదే తర్వాతి ప్రశ్నలకు మూలం.

మెదడు దెబ్బతింటే ఈ వ్యవస్థ కూడా చల్లబడాలి కదా, రెచ్చిపోవడమేమిటి?

ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఈ విషయంలో లేదు. మెదడు పైభాగాల నుంచి కిందికి వెళ్లేవన్నీ 'చెయ్యి' అనే ఆజ్ఞలు కావు. వాటిలో చాలా భాగం 'ఆగు, అంత అవసరం లేదు' అనేవే. ఒంటికి దుప్పటి తగిలినా, ఎవరో చెయ్యి పట్టుకున్నా, మూత్రాశయం కాస్త నిండినా ఆ కబురు వెన్నుపాముకు చేరుతూనే ఉంటుంది. అక్కడే దాన్ని తగ్గించి, ఇది ప్రమాదం కాదని తేల్చే పని పైనుంచి వచ్చే అణచివేత సంకేతాలది. మెదడు పెద్దగా గాయపడినప్పుడు ఆ సంకేతాలు మోసుకొచ్చే తెల్లపదార్థపు తీగలు తెగుతాయి. కింద ఉన్న బ్రెయిన్ స్టెమ్, వెన్నుపాము మాత్రం బతికే ఉంటాయి. వాటికి పని చేసే శక్తి ఉంది, ఆపేవాళ్లు లేరు.

అందుకే ఇది బలం ఎక్కువై వచ్చిన జబ్బు కాదు, అదుపు పోయి వచ్చిన జబ్బు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతా చాలా విషయాలు వాటంతటవే అర్థమవుతాయి: మందులు ఎందుకలా ఎంచుకుంటారో, ముట్టుకుంటేనే ఎందుకు మొదలవుతుందో, మత్తు తీశాకే ఎందుకు బయటపడుతుందో.

సరే, అదుపు పోయింది. మరి రోజంతా అలాగే ఉండాలి కదా? వచ్చి పోతుందెందుకు?

పాత సిద్ధాంతానికి చిక్కుముడి ఇదే. పైకీ కిందికీ సంబంధం తెగిపోయింది కాబట్టి కింది కేంద్రాలు స్వేచ్ఛగా చెలరేగుతున్నాయని చాలాకాలం అనుకున్నారు. అది నిజమే కానీ సగమే. అలాగైతే గుండె వేగం ఇరవై నాలుగు గంటలూ ఎక్కువే ఉండాలి. ఈ రోగుల్లో రెండు దఫాల మధ్య (ఇలా ఒక్కసారి లేచి తగ్గడాన్ని దఫా అందాం) అంకెలు చాలావరకు మామూలుగానే ఉంటాయి.

ఆస్ట్రేలియాకు చెందిన పునరావాస వైద్యుడు ఇయన్ బాగ్యులీ 2008లో దీనికి మెరుగైన వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఉద్రేకానికీ అణచివేతకూ మధ్య ఒక నిష్పత్తి ఉంటుంది. అణచివేత తగ్గిపోతే నిష్పత్తి ఉద్రేకం వైపు ఒరుగుతుంది. అప్పుడు బయటి నుంచి ఏ కబురూ రానంతసేపు అంతా నిశ్శబ్దంగానే ఉంటుంది. ఒక చిన్న కబురు చేరిందా, అది తిరిగి తిరిగి తనను తానే పెంచుకుంటుంది. పెళ్లి పందిట్లో మైకును స్పీకర్ బాక్సుకు మరీ దగ్గరగా పెడితే ఏమవుతుందో చూసే ఉంటారు. ఎవరూ మాట్లాడనంతసేపు ఏమీ ఉండదు, ఎవరైనా చిన్నగా దగ్గితే చాలు, కీచుమని చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. దగ్గు చిన్నదే, ఆ మోత దగ్గుది కాదు.

ఇక్కడ రెండో మార్పు కూడా జరుగుతుంది. రోజులు గడిచేకొద్దీ వెన్నుపాములోని కణాలు ఈ కొత్త పరిస్థితికి అలవాటుపడి మరింత సున్నితమవుతాయి. దాంతో నొప్పి కాని స్పర్శ కూడా నొప్పిగా నమోదవుతుంది. తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం లాంటివి అందుకే దఫాను రేపుతాయి. పైగా సింపథెటిక్ తీగలతోపాటు కండరాలను నడిపే తీగలు కూడా అదే వెన్నుపాములోంచి వెళ్తాయి కాబట్టి, గుండె వేగం పెరగడమూ ఒళ్లు బిగుసుకోవడమూ జంటగా వస్తాయి.

ఈ వివరణకు బలం మరో జబ్బు నుంచి వచ్చింది. ఛాతీ ఆరో వెన్నుపూస మట్టానికి పైన వెన్నుపాము తెగినవాళ్లలో యూరిన్ పైపు మూసుకుపోయినా, మలబద్ధకం చేసినా బీపీ ప్రమాదకరంగా పెరిగిపోతుంది. దాన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. అక్కడ తెగింది వెన్నుపాము, ఇక్కడ తెగింది మెదడులోని తీగలు. కింద జరిగే తంతు మాత్రం దాదాపు ఒకటే.

మెదడులో ఏ భాగం దెబ్బతింటే ఇది వస్తుంది?

ఒక్కచోటని వేలు పెట్టి చూపించలేం. లోపలి భాగాలు, అంటే రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కెలోసమ్, పైకీ కిందికీ వెళ్లే తీగలు గుంపుగా సాగే ఇంటర్నల్ క్యాప్సూల్ వెనుక భాగం, బ్రెయిన్ స్టెమ్ పైభాగం దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

రోడ్డు ప్రమాదాల్లో తల గిర్రున తిరిగి ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడులోని తీగలు సాగి చాలాచోట్ల తెగుతాయి. దీన్ని డిఫ్యూజ్ యాక్సోనల్ ఇంజురీ అంటారు. పీఎస్‌హెచ్‌కు దీనితో బలమైన సంబంధముంది. 'సీటీ స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదన్నారు, మరి ఇంత కోమా ఎందుకు?' అని అడిగే కుటుంబాలు చాలా ఉంటాయి. సీటీలో రక్తం గడ్డకట్టిన చోట్లు బాగా కనిపిస్తాయి కానీ తెగిన తీగలు సరిగా కనిపించవు. వాటి ఆనవాళ్లు ఎంఆర్‌ఐలో మెరుగ్గా తెలుస్తాయి. స్కాన్ నార్మల్‌గా ఉందంటే దెబ్బ చిన్నదని కాదు.

ఎవరికి ఎక్కువగా వస్తుంది?

నమోదైన కేసుల్లో సుమారు 80 శాతం తలకు దెబ్బ తగిలినవాళ్లవే. తర్వాతి స్థానం మెదడుకు ప్రాణవాయువు అందనివాళ్లది: గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నవాళ్లు, చెరువులోనో బావిలోనో మునిగి బతికి బయటపడ్డ పిల్లలు. ఆ తర్వాత పక్షవాతం, మెదడులో రక్తస్రావం. మెదడు వాపు వ్యాధుల్లోనూ, పిల్లల్లో టీబీ మెనింజైటిస్ తర్వాత కూడా వస్తుంది. తీవ్రమైన మెదడు గాయంతో ఐసీయూలో ఉన్నవాళ్లలో ఎంతమందికి వస్తుందన్న లెక్క అధ్యయనాన్ని బట్టి 8 నుంచి 33 శాతం దాకా ఉంది. ఎవరు ఏ కొలత వాడారన్న తేడా వల్లే అంత అంతరం.

వయసులో ఉన్నవాళ్లలో ఎక్కువ. మన రెండు రాష్ట్రాల్లో న్యూరో ఐసీయూలు చూస్తే బైక్ మీద నుంచి పడిన కుర్రాళ్లే కనిపిస్తారు. హెల్మెట్ పుర్రె పగలకుండా బాగా కాపాడుతుంది, తల గిర్రున తిరగడాన్ని అంతగా ఆపలేదు. అయినా హెల్మెట్ పెట్టుకున్నవాడి గాయానికీ లేనివాడి గాయానికీ పోలికే లేదు. దయచేసి పెట్టుకోండి, బక్కిల్ కూడా బిగించుకోండి.

ఆ సమయంలో ఒంట్లో సరిగ్గా ఏం జరుగుతుంది?

సింపథెటిక్ తీగల చివర్ల నుంచి నారడ్రినలిన్, కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి దూకుతాయి. దఫా నడుస్తున్నప్పుడు రక్తం తీసి చూస్తే వీటి స్థాయి మామూలు సమయం కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ ఉన్నట్టు తేలింది. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. ఒంట్లో మంట పెరిగినట్టు జీవక్రియ వేగమందుకుంటుంది. బిగుసుకున్న కండరాలు వేడి పుట్టిస్తాయి, చర్మంలోని నాళాలు ముడుచుకుని ఆ వేడిని బయటికి పోనివ్వవు. ఉష్ణోగ్రత ఎక్కేది ఇలాగే.

చెమట సంగతి వేరు. చెమట గ్రంథులకు వెళ్లేవి సింపథెటిక్ తీగలే అయినా అవి విడుదల చేసేది నారడ్రినలిన్ కాదు, ఎసిటైల్‌కోలిన్. అందుకని గుండె వేగాన్ని అదుపు చేసే మందు వేసినా కొందరిలో చెమటలు మాత్రం ఆగవు. మందు పనిచేయలేదని కంగారు పడొద్దు.

ఇవి ఫిట్స్ కాదా?

చూడటానికి అలాగే ఉంటాయి, మొదట్లో వైద్యులూ అలాగే అనుకున్నారు. కెనడాలో పనిచేసిన ప్రసిద్ధ న్యూరోసర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1929లో మెదడు లోపల కణితి ఉన్న ఒక రోగిలో ఇలాంటి దఫాలను వర్ణించి, ఇది మూర్ఛలో ఒక రకమని భావించారు. తర్వాత మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ తీసి చూస్తే దఫా నడుస్తున్నప్పుడు కూడా మూర్ఛ తరంగాలు కనిపించలేదు, ఫిట్స్ మందులతో ఇవి తగ్గలేదు. ఆ తర్వాత ఒక్కో బృందం ఒక్కో పేరు పెట్టుకుంటూ పోయింది. అలా 31 పేర్లు పోగయ్యాయి. పేరు వేరైతే అధ్యయనాలనూ కలిపి చూడలేం. 2014లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒక పేరూ ఒక కొలమానమూ ఖాయం చేశాకే పరిశోధన ఒక దారిన పడింది.

అయితే మెదడు గాయం ఉన్నవాళ్లకు నిజమైన ఫిట్స్ కూడా రావచ్చు. అనుమానముంటే ఈఈజీ తీసి చూడాల్సిందే.

జ్వరం 103 ఉంది. ఇన్ఫెక్షన్ కాదంటే ఎలా నమ్మాలి?

వెంటనే నమ్మాల్సిన పని లేదు. డాక్టర్లూ అంత తేలిగ్గా అనకూడదు. ఐసీయూలో పైపులతో ఉన్న మనిషికి జ్వరం వస్తే ముందు చూడాల్సింది ఇన్ఫెక్షనే: ఊపిరితిత్తుల్లో నిమ్ము, మూత్రంలో చీము, పెద్ద రక్తనాళంలో పెట్టిన సెంట్రల్ లైన్ దగ్గర ఇన్ఫెక్షన్, మెదడు పొరల్లో ఇన్ఫెక్షన్. కాళ్ల నాళాల్లో గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరిన రక్తం కూడా గుండె వేగాన్నీ ఊపిరినీ ఇలాగే పెంచుతుంది. మద్యం అలవాటున్న మనిషికి అది అకస్మాత్తుగా ఆగిపోయినా, నొప్పి మందు ఒక్కసారిగా ఆపేసినా ఇవే లక్షణాలు వస్తాయి. గుర్తించకుండా వదిలేసిన విరిగిన ఎముక, నిండిపోయిన మూత్రాశయం కూడా.

తేడా పట్టించేది తీరు. ఇన్ఫెక్షన్ జ్వరం గంటల తరబడి సాగుతుంది, గుండె వేగం దాన్ని అనుసరిస్తుంది. పీఎస్‌హెచ్‌లో అన్నీ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి, చాలాసార్లు ముందు ముట్టుకోవడం, సక్షన్ లాంటి ఏదో ఒక కదిలింపు ఉంటుంది. ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి. పీఎస్‌హెచ్ అని ముద్ర పడ్డాక వచ్చిన ప్రతి జ్వరాన్నీ దాని ఖాతాలో వేయడం ఎంత ప్రమాదమో, ఇది పీఎస్‌హెచ్ అని తెలియక వారాల తరబడి యాంటీబయాటిక్స్ మార్చుతూ పోవడమూ అంతే నష్టం.

తలలో ప్రెషర్ పెరిగి ఇలా అవుతోందేమో?

తలలో ఒత్తిడి ప్రమాద స్థాయికి చేరినప్పుడు బీపీ పెరుగుతుంది కానీ సాధారణంగా గుండె వేగం తగ్గుతుంది, ఊపిరి గతి తప్పుతుంది. పీఎస్‌హెచ్‌లో గుండె వేగం పెరుగుతుంది. ఇది ఉపయోగపడే గుర్తే కానీ దాని మీదే ఆధారపడకూడదు. దఫాలు కొత్తగా మొదలైనా, తగ్గినవి మళ్లీ ఎక్కువైనా మెదడులో నీరు చేరిందేమోనని సీటీ తీసి చూస్తారు.

మొదటి వారం ఏమీ లేదు. మత్తు మందులు తగ్గించాకే మొదలైంది. మందులు ఆపడం వల్లే వచ్చిందా?

కాదు. అది ముందునుంచీ లోపల ఉంది, మత్తు దాన్ని కప్పి ఉంచింది. ఐసీయూలో మొదటి రోజుల్లో ఇచ్చే ఫెంటనిల్, మిడజోలమ్, ప్రొపోఫోల్ లాంటివి వెన్నుపాముకు చేరే కబుర్లనూ సింపథెటిక్ ఉద్రేకాన్నీ అణిచేస్తాయి. మెదడు చేయాల్సిన పనిని అన్నాళ్లూ మందు చేసిందన్నమాట. అవి తగ్గించగానే లోటు బయటపడుతుంది. మత్తు తీయడం తప్పు కాదు. మనిషి ఎంత కోలుకున్నాడో తెలియాలన్నా, వెంటిలేటర్ తీయాలన్నా తగ్గించక తప్పదు.

డాక్టర్లు దీన్ని ఎలా నిర్ధారిస్తారు?

రక్తపరీక్షతోనో స్కాన్‌తోనో తేలేది కాదు. మంచం పక్కన చూసి లెక్కగట్టేది. గుండె వేగం, ఊపిరి, పై బీపీ, ఉష్ణోగ్రత, చెమట, ఒళ్లు బిగుసుకునే భంగిమ, ఈ ఆరింటికీ తీవ్రతను బట్టి 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. ఉదాహరణకు పెద్దవాళ్లలో గుండె వేగం 100 లోపు ఉంటే సున్నా, 140 లేదా ఆపైన ఉంటే 3. రెండో పట్టికలో 11 ప్రశ్నలుంటాయి: లక్షణాలన్నీ ఒకేసారి వస్తున్నాయా, నొప్పి కాని కదిలింపుకు కూడా వస్తున్నాయా, రోజుకు కనీసం రెండుసార్లు వస్తున్నాయా, వరుసగా మూడు రోజులు ఉన్నాయా, వేరే కారణమేదీ లేదా, ఇలా. ఒక్కో అవునుకు ఒక మార్కు. రెండూ కలిపి 17 లేదా అంతకు మించితే పీఎస్‌హెచ్ అయ్యుండే అవకాశం బాగా ఉందని, 8 నుంచి 16 మధ్య అయితే కావచ్చని, 8 లోపు అయితే అనుమానం తక్కువని అనుకుంటారు.

నేను చెయ్యి పట్టుకుంటేనే వస్తోంది. నేను దగ్గరికి వెళ్లకూడదా?

ఈ ప్రశ్న అడిగే అమ్మల గొంతు ఎలా ఉంటుందో చెప్పలేను. దయచేసి ఇది మీ తప్పని అనుకోకండి. మీ స్పర్శ అతనికి హాని చేయడం లేదు. దాన్ని కొలిచే లోపలి త్రాసు చెడింది, అంతే. వెళ్లండి, కాకపోతే తీరు మార్చుకోండి. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలిచి, చెయ్యి పట్టుకుంటున్నానని నెమ్మదిగా చెప్పండి. వేళ్లతో రాయడం, తట్టడం కన్నా అరచేయి మొత్తం ఆనించి కదలకుండా ఉంచడం కొందరికి బాగా పడుతుంది. ఒకేసారి ఇద్దరు ముగ్గురు చేరి మాట్లాడొద్దు. ఫోన్‌లో ఊరి నుంచి ఒక్కొక్కరి గొంతు వినిపించడం ప్రేమతో చేసేదే అయినా, దఫాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో వాయిదా వేయండి.

మీరు చేయగల గొప్ప సాయం మరొకటుంది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, దఫా మొదలైన సమయం, అంతకు ముందు ఐదు నిమిషాల్లో ఏం జరిగింది, ఎంతసేపు ఉంది, ఎలా తగ్గింది రాయండి. డ్యూటీలు మారే సిబ్బందికి కనిపించని క్రమం పక్కనే కూర్చున్న అటెండెంట్‌కు కనిపిస్తుంది. రోజూ సాయంత్రం వచ్చే దఫా విరేచనం కాని రోజుల్లోనే వస్తోందని, ఎడమ వైపు తిప్పినప్పుడే వస్తోందని అలా తేలిన సందర్భాలుంటాయి. ఎడమ వైపు తిప్పినప్పుడే అంటే ఆ భుజమో తుంటో ఒకసారి ఎక్స్‌రే తీయాలి.

చెమటలు పట్టి కళ్లు పెద్దవి చేస్తున్నాడు. మమ్మల్ని గుర్తుపట్టి బాధపడుతున్నాడా?

ఈ మార్పులు స్పృహకు గుర్తులు కావు, స్పృహ లేదనడానికి రుజువులూ కావు. ఇవి వెన్నుపాము, బ్రెయిన్ స్టెమ్ మట్టంలో జరిగేవి. గుర్తుపట్టడం తెలియాలంటే చూడాల్సినవి వేరు: కళ్లు మీ కదలికను వెంబడిస్తున్నాయా, చెప్పిన పని ఒక్కసారైనా చేస్తున్నాడా, అదీ దఫా లేని ప్రశాంత సమయంలో. బాధ విషయంలో మాత్రం జాగ్రత్త వైపే ఉండాలి. నొప్పి ఉందనే అనుకుని నొప్పికి వైద్యం చేయాలి.

ఏ మందులు ఇస్తారు? అవి ఎలా పనిచేస్తాయి?

మందుకన్నా ముందు కదిలింపులను తగ్గించాలి. మెలిపడిన యూరిన్ పైపు, మలబద్ధకం, పుండు, బిగుతైన కట్టు, గది వేడి, పదేపదే మోగే అలారం వెతికి సరిచేయాలి. సక్షన్, ఫిజియోథెరపీ చేసే ముందు నొప్పి మందు ఇస్తే దఫా రాకుండా ఆపొచ్చు.

మందులు మూడు చోట్ల పనిచేస్తాయి. కబురు వెన్నుపాములోకి చేరే చోట మార్ఫిన్, గాబాపెంటిన్. నడుస్తున్న దఫాను ఆపడంలో మార్ఫిన్ చాలా మేలు. మార్ఫిన్ అనగానే ఆశ వదులుకున్నారని భయపడే కుటుంబాలున్నాయి. ఇక్కడ అది చికిత్సలో భాగం. రెండోది, మెదడు నుంచి వచ్చే సింపథెటిక్ ఉద్రేకం. దాన్ని క్లోనిడిన్, ఐసీయూలో సూదిగా ఇచ్చే డెక్స్‌మెడిటోమిడిన్ తగ్గిస్తాయి. మూడోది, అవయవాల మీద అడ్రినలిన్ ప్రభావం. దానికి ప్రొప్రనోలాల్. అది కొవ్వులో కరిగి మెదడులోకి కూడా వెళ్తుంది కాబట్టి, గుండె మీద మాత్రమే పనిచేసే బీటా బ్లాకర్ల కన్నా దీన్నే ఇష్టపడతారు. ఆస్తమా ఉంటే తప్పకుండా చెప్పండి, ఇది ఊపిరి గొట్టాలను బిగిస్తుంది. ఒళ్లు బిగుసుకోవడానికి బాక్లోఫెన్ ఇస్తారు. మొండికేసిన కేసుల్లో దాన్నే పంపుతో వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకి పంపుతారు. బ్రోమోక్రిప్టిన్ కూడా కొందరికి వాడతారు.

హాలోపెరిడాల్ వంటి డోపమిన్‌ను అడ్డుకునే మందులు కలవరాన్ని తగ్గించడానికి ఇస్తుంటారు కానీ ఈ పరిస్థితిలో కీడు చేయవచ్చు. వీలైనంతవరకు వాటిని దూరం పెడతారు.

వదిలేస్తే ఏమవుతుంది?

రోజుకు పలుమార్లు ఇలా రేగితే మనిషి కళ్లముందే కరిగిపోతాడు. ఆహారం ట్యూబ్ ద్వారా సరిపడా వెళ్తోందనుకుంటాం, ఖర్చు అంతకు మించి ఉంటుంది. డైటీషియన్‌ను పిలిచి క్యాలరీలు, ప్రొటీన్ పెంచమని అడగండి. చెమటతో నీరూ ఉప్పూ పోతాయి. గుండె కండరం అలసిపోతుంది, ఎక్కువ వేడి గాయపడిన మెదడుకు మంచిది కాదు. కీళ్లు ముడుచుకుపోవడం, తుంటి, మోచేయి చుట్టూ కండరాల్లో ఎముక పెరగడం ఈ రోగుల్లో ఎక్కువ. కీలు వాచి వేడిగా ఉండి కదలిక తగ్గితే ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

ఎన్నాళ్లు ఉంటుంది?

చాలామందిలో వారాల నుంచి కొన్ని నెలల్లో దఫాలు పలచబడతాయి. ముందు గుండె దడ, చెమటలు తగ్గుతాయి, కండరాల బిగుతు మిగిలిపోవచ్చు. దఫాలు తగ్గడమంటే స్పృహ వచ్చేస్తుందని కాదు, దఫాలున్నాయంటే ఇక కోలుకోడనీ కాదు. ఈ రోగులు ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉంటారన్నది నిజం. దాంట్లో పీఎస్‌హెచ్ వాటా ఎంత, అసలు గాయం వాటా ఎంత అన్నదానిపై నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు.

డిశ్చార్జ్ అయ్యాం. ఇంట్లో దఫా వస్తే ఏం చేయాలి?

ముట్టుకోవడం ఆపి, గది చల్లబరిచి, చప్పుళ్లు తగ్గించండి. కప్పిన దుప్పటి తీసేయండి. తల వైపు కాస్త ఎత్తు చేయండి. తర్వాత పాదాల నుంచి తల దాకా వెతకండి: యూరిన్ పైపు పారుతోందా, పొట్ట బిగుసుకుందా, పక్కబట్ట ముడతపడి నడుం కింద నొక్కుతోందా, కాలిగోరు లోపలికి పెరిగిందా. డాక్టర్ రాసిచ్చిన అత్యవసర మోతాదు ఉంటే అంతే ఇవ్వండి, సొంతంగా పెంచొద్దు.

దఫా ఎప్పటికన్నా చాలా ఎక్కువసేపు సాగినా, రెండు దఫాల మధ్య కూడా జ్వరం దిగకపోయినా, ఊపిరికి ఎగపోస్తున్నా, మామూలుగా ఉండే మెలకువ కన్నా మత్తుగా ఉన్నా, ఒక కాలు వాచినా, గుండె వేగం బాగా పడిపోయినా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. బాగానే ఉన్నాడు కదా అని క్లోనిడిన్, ప్రొప్రనోలాల్, బాక్లోఫెన్ ఒక్కసారిగా ఆపకండి. ఊళ్లో స్టాక్ లేదన్నారని రెండు రోజులు మానేసినా బీపీ, గుండె వేగం ఎదురుతిరుగుతాయి. బాక్లోఫెన్ హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. తగ్గించాల్సి వస్తే ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా, డాక్టర్ చెప్పిన లెక్కలోనే. నెల మందులు అయిపోవడానికి వారం ముందే కొనిపెట్టుకోండి.